శాంతిపలక ముందు ఎవరికి

ఆ తెల్లవారుజామున వడగళ్ళు కురిసి ఆగాయి. మబ్బు పోలేదు. కొండల నడుము దాకా దిగి అక్కడే కూర్చుంది. తూర్పున ఒకచోట మాత్రం చిరిగి, ఆ చిరుగులోంచి జబ్బు మనిషి ముఖం లాంటి వెలుగు పొలాల మీద పడుతోంది. అలాంటి వెలుగు పడ్డ రోజు దుంప ఆకు మాడుతుందని చిల్వాపంప ఊరివాళ్ళు అంటారు. తొరిబియోకి ఆకు మీద ధ్యాస లేదు. గుడి వాకిట్లో నిలబడి కనుమ దారికేసి చూస్తున్నాడు. ఆ దారిన అతని బావమరిది మెల్చోర్ రావాలి. రాకపోతే ఈ పూట పూజ ముగిసేసరికి తొరిబియో పేరు గని జాబితాలో ఉంటుంది.

గని అంటే పాదరసపు గని. ఏటా ప్రతి ఊళ్ళోనూ ఏడుగురు మగాళ్ళకి ఒకడు వంతు మీద పోవాలి. రాజుగారి ఆజ్ఞ అది. పోయినవాళ్ళలో కొందరు తిరిగొచ్చారు. పక్కింటి క్రిసాంతో వచ్చాడు. ముప్పై ఏళ్ళు లేవు, నోట్లో పన్ను లేదు. గాలి లేకపోయినా వాడి చేతులు ఆకుల్లా ఆడుతూనే ఉంటాయి. పెళ్ళాం గడ్డం పట్టుకుని గంజి పోస్తే సగం చొక్కా మీదే పోతుంది.

గుడి చూసుకునేవాడికీ, గుళ్ళో పాడేవాడికీ ఆ వంతు లేదు. పదకొండేళ్ళుగా తొరిబియో గుడికాపు, మెల్చోర్ పాటగాడు. వాళ్ళిద్దరి బతుకులకీ ఆ గుడి గోడే అండ.

ఇప్పుడా గోడకి చిల్లు పడింది.

సముద్రాల అవతల కొత్తరాజు గద్దెనెక్కాడు. ఆ కబురు ఓడెక్కి, కంచరగాడిదలెక్కి ఈ కొండల మీదికి వచ్చేసరికి ఎనిమిది నెలలైంది. ప్రతి ఊళ్ళో రాజుగారి పేర పూజ జరగాలనీ, పెద్దలంతా ఎవరి వరసలో వాళ్ళు కూర్చోవాలనీ ఉత్తరువు. వరసంటే ఆషామాషీ కాదు. ఎవరి కుర్చీ ఏ పక్కన, ఎవరి మోకాళ్ళ కింద ఎంత మందం దిండు, ధూపం ఎవరి ముందు ఎన్నిసార్లు ఊపాలి, అన్నిటికీ పట్టింపులే. కింది ఊళ్ళో ఒక పెద్దమనిషి తన దిండుకి కుచ్చుల్లేవని పూజ మధ్యలో లేచిపోయి, పదేళ్ళు వ్యాజ్యమాడి, చివరికి ఆ వ్యాజ్యమే కొడుకులకి ఆస్తిగా వదిలి చచ్చాడు.

ఇన్నాళ్ళూ చిల్వాపంపలో ఆ తంటా లేదు. ఉన్న పెద్ద ఒక్కడే. కొర్రెహిదోరు, అంటే రాజుగారి తరఫున ఈ సీమని ఏలే దొర. పూజలో శాంతిపలక ముందు ఆయనకే పోయేది. అరచేతి వెడల్పు వెండి పలక అది, మీద సిలువ బొమ్మ ఉంటుంది. పూజ చేసే స్వామి దాన్ని ముద్దు పెట్టుకుని ఇస్తాడు. గుడికాపు తీసుకుపోయి పెద్దలందరి చేతా వరసగా ముద్దు పెట్టిస్తాడు. ఈ ఏడు మార్కీసు వచ్చాడు. ఏటి అవతల భూమంతా ఆయనదే. ఉండేది మాత్రం రాజధానిలో. తాత ముత్తాతల నాటి బిరుదు. కొర్రెహిదోరుదేమో ఐదేళ్ళ పదవి. ఒకరిది రక్తం, ఒకరిది కాగితం.

మొన్న సోమవారం కొర్రెహిదోరు గుమాస్తా గుడికొచ్చాడు. చలికి చేతులు చంకల్లో దోపుకుని, గోడ మీద బొమ్మలు చూస్తూ అడిగాడు.

"ఏరా గుడికాపూ, మీ ఊళ్ళో గడపలెన్ని?"

"తొంభై ఒకటి దొరా. మశూచి వచ్చిన ఏడాది పోయినవి పోగా."

"అంటే నూరు లేవన్నమాట. గుడి పేరు చెప్పి ఇద్దర్ని వదిలేది నూరు గడపల ఊరికి. మీకు ఒకడు చాలు." ఒక దేవదూత ముక్కు గోటితో గీకి చూశాడు. "ఈ సంగతి దొరగారికి నేనింకా చెప్పలేదులే. పలక ఆయనకి ముందు వస్తే నాకు చెప్పాల్సిన పనేముంది?"

మంగళవారం మార్కీసు కార్యస్థుడు వచ్చాడు. కంచరగాడిద దిగలేదు.

"మా దొరవారి మేనల్లుడు బిషప్పుగారి దగ్గర రాయసం చేస్తాడు. ఎరుగుదువా?"

"విన్నాను దొరా."

"ఒక్క చీటీ రాస్తే నువ్వు గుడి బయట ఉంటావు. గుడి బయట పడ్డవాడు ఎక్కడికి పోతాడో కూడా విన్నావా?"

"విన్నాను."

"తెలివైనవాడివే," అని కళ్ళెం తిప్పుకుని పోయాడు.

ఎటు పోయినా గనే. తొరిబియో ఆ రెండు రోజులూ ఏం తిన్నాడో తెలియదు. స్వామి కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాడు. స్వామి లెదెస్మా ముసలాయన, ఎప్పుడూ జలుబే. చివరిదాకా విని ముక్కు తుడుచుకున్నాడు.

"ఆ వేళకి నేను పీఠం వైపు తిరిగి ఉంటానురా. వీపు వెనక జరిగేది నాకు కనపడదు."

"ఎవరికి ముందో మీరొక్క మాట చెప్పండి సామీ. అదే చేస్తాను."

"చెబితే నేను చెప్పినట్టు అవుతుంది కదా!" అన్నాడు స్వామి, అసలు చిక్కు అప్పుడే అర్థమైనట్టు.

మెల్చోర్ ఒక్కడే నవ్వాడు. వాడు దేనికైనా నవ్వుతాడు. "వాళ్ళకి మూతులు రెండు, మనకి పలక ఒకటి. ఇంతేగా బావా? ఇంకో పలక తెస్తే సరి. కనుమ అవతల గుళ్ళోది కూడా మన కంసాలి చేసిందే, అదే అచ్చు. చెరొకటి పట్టుకుని ఒకేసారి బయల్దేరి ఒకేసారి చేరదాం. ముందూ లేదు, వెనకా లేదు."

"ఒక్క అడుగు తేడా వస్తే?"

"ఎందుకొస్తుంది? పదేళ్ళుగా పక్కపక్కన తొక్కుడునాగలి తొక్కుతున్నాం. ఎప్పుడైనా నీ చాలు ముందు, నా చాలు వెనక పడిందా?"

శనివారం మధ్యాహ్నం బయల్దేరాడు. పోను నాలుగు కోసులు, రాను నాలుగు కోసులు. ఇదిగో, ఆదివారం తెల్లారింది.

మబ్బులోంచి ముందు టోపీ కనపడింది. తరవాత మనిషి. నడక సరిగా లేదు. మెల్చోర్ కుడికాలు నేలకి ఆనీ ఆనకుండా వేస్తున్నాడు.

"తెచ్చావా?"

"ముందు మనిషి ఎలా ఉన్నాడని అడగవేం బావా?" చొక్కా లోపలి నుంచి మూట తీసి ఇచ్చాడు. పలక వాడి ఒంటి వేడికి వెచ్చగా ఉంది. "కనుమ మీద వడగళ్ళు కోడిగుడ్డంత. జారి రాతి మీద పడ్డాను. పలక్కేం కాలేదు. పలకే కదా ముఖ్యం?"

చెప్పు విప్పి చూస్తే అరికాలు బొటనవేలి కింద నుంచి మడమ దాకా తెగి ఉంది. నెత్తురు గడ్డకట్టి చెప్పు తోలుకి అంటుకుపోయింది. తొరిబియో పీఠం గుడ్డ ఒకటి చించి గట్టిగా కట్టాడు. పైన చెప్పు వేసి, ఆ పైన పొడుగు అంగీ దించితే కట్టు కనపడలేదు.

జనం రాకముందే రెండుసార్లు నడిచి చూసుకున్నారు. పీఠం మెట్ల కింద నుంచి కుడి కుర్చీకి పంతొమ్మిది అడుగులు. ఎడమ కుర్చీకీ పంతొమ్మిదే, తాడు వేసి చూసి కుర్చీని తొరిబియో నాలుగు వేళ్ళు జరిపాడు. కుడి కుర్చీ కొర్రెహిదోరుకి, ఎడమది మార్కీసుకి. అందుకు బదులుగా మార్కీసు దిండు రెండు వేళ్ళు లావు. ఆ బేరం అంతకుముందే కుదిరింది.

మొదటిసారి తొరిబియో ముందు చేరాడు. అతనిది పొడుగు అడుగు.

"నా కాలు చూస్తూ నడువు బావా," అన్నాడు మెల్చోర్. వాడి పెదవుల చుట్టూ తెల్లబడింది. "దొరల ముఖాలు చూడకు. నా కాలు లేస్తే నీ కాలు లేపు, నా కాలు పడితే నీది పడాలి. నేను చూడలేను, నాకు పక్కకి తిరిగితే నొప్పి పొడుస్తుంది. నువ్వే చూసుకోవాలి."

"చూసుకుంటాను."

రెండోసారి సరిగ్గా కలిసి చేరారు. ఇద్దరి అడుగులూ ఒక్క చప్పుడే అయ్యాయి.

గంటలు మోగాయి. ఊరివాళ్ళు వచ్చి వెనక నేల మీద కూర్చున్నారు. తడిసిన ఉన్ని వాసన గుడంతా నిండింది. కొత్తరాజు పటం ఎర్రగుడ్డ కింద పెట్టారు. పటం రాసినవాడు రాజుని చూసి రాసింది కాదు, పాత రాజు పటానికే గడ్డం తీసేశాడు. కొర్రెహిదోరు వచ్చి కూర్చున్నాడు. మార్కీసు వచ్చి, కూర్చునే ముందు రెండు దిండ్లనీ చూపుతోనే కొలిచి, కూర్చున్నాడు. గుమాస్తా తన దొర కుర్చీ వెనక నిలబడ్డాడు. చంకలో పొడుగు పుస్తకం ఉంది. గుడికి వచ్చేవాడికి ఆ పుస్తకమెందుకో తొరిబియోకి తెలుసు.

పూజ మొదలైంది, తొరిబియో ధూపం వేస్తున్నాడు. ధూపం గొలుసు చేతిలో చప్పుడు చేస్తుంటే బిగించి పట్టుకున్నాడు. బిగించిన కొద్దీ ఎక్కువ చప్పుడయింది. మెల్చోర్ పైన గూట్లో నిలబడి పాడుతున్నాడు. గొంతులో వణుకు లేదు. పాట ఆపి, తీగల వాద్యం ఒక్కటీ మోగుతుండగా మెట్లు దిగి వచ్చాడు. ఒక్కో మెట్టూ వాడెలా దిగుతున్నాడో తొరిబియో వింటూనే ఉన్నాడు.

స్వామి మొదటి పలకకి ముద్దు పెట్టాడు. రెండోదానికీ పెట్టాడు. ఇద్దరి ముఖాలూ చూడకుండా ఇచ్చి పీఠం వైపు తిరిగిపోయాడు.

ఇద్దరూ మెట్ల కింద నిలబడ్డారు. మెల్చోర్ ఊపిరి పీల్చాడు. బయల్దేరారు.

ఒకటి. రెండు. తొరిబియో కన్ను వాలుగా ఆ కాలి మీదే ఉంది. అంగీ అంచు లేస్తే తన కాలు లేపుతున్నాడు. అయిదు. ఆరు. నడవ మధ్య నుంచి ఇద్దరూ చెరో పక్కకీ విడిపోతున్నారు. కాలు దూరమవుతోంది. తొమ్మిది. పది. ఇప్పుడు కాలు కనపడాలంటే తల తిప్పాలి.

తల తిప్పబోయాడు. అప్పుడే కొర్రెహిదోరు కుర్చీ చేతి మీద నుంచి ఒక వేలు పైకెత్తాడు. అంతే, ఒక్క వేలు. వెనక గుమాస్తా చంకలో పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. పేరు రాయడానికే తీసుకున్నాడో, బరువుకి చెయ్యి మార్చుకున్నాడో, ఆ సంగతి తొరిబియోకి ఎప్పటికీ తెలియలేదు. కొర్రెహిదోరు కళ్ళు ఇతని కళ్ళలోకి చూశాయి. చిన్న కళ్ళు, రెప్ప వాలనివి.  చెవుల్లో తీగల మోత పోయింది, హోరు ఒక్కటే మిగిలింది. కాళ్ళు తనవి కావు. అవి పోతున్నాయి. పోతున్నాయని తెలుసు. ఆపాలని తెలుసు. తల తిప్పి ఆ కాలు చూడాలని తెలుసు.

చూడలేదు.

పలక ఎత్తి పట్టాడు. కొర్రెహిదోరు వంగి ముద్దు పెట్టుకున్నాడు. ఆయన మీసం వెండికి రాసుకున్న చప్పుడు వినపడింది. ఆ తరవాత, ఒక గుక్క నీళ్ళు మింగేంత సేపైన తరవాత, అవతలి పక్కన మెల్చోర్ చెప్పు ఆగిన చప్పుడు వినపడింది.

మార్కీసు ముద్దు పెట్టుకోలేదు. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. మెల్చోర్ పలక పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వెనక జనంలో ఒక పసిబిడ్డ ఏడ్చింది, ఎవరో నోరు మూశారు. పూజ ముగిసేదాకా మెల్చోర్ చెయ్యి దించలేదు. దించమని చెప్పేవాళ్ళు లేరు.

పూజ బట్టలు మార్చుకునే గదిలోకి పెద్దలు ముందు వచ్చారు, వెనక వీళ్ళిద్దర్నీ పిలిపించారు. మార్కీసు ముఖం సుద్దలా ఉంది.

"రాజుగారి పటం ముందు నన్ను రెండోవాణ్ణి చేశారు. మా వంశంలో ఎవరికీ జరగలేదు ఇది. రాజధానికి రాస్తాను. బిషప్పుకి రాస్తాను."

కొర్రెహిదోరుకి రాతలంటే ఇష్టం లేదు. రాజధానిలో తన పదవి మీద ఏవేం రాతలు పడి ఉన్నాయో ఆయనకే ఎరుక. గొంతు మెత్తన చేసుకుని అన్నాడు.

"తమరు అలా అనుకోవద్దు. ఇద్దరూ కలిసే బయల్దేరారు, నేను కళ్ళారా చూశాను. వరస సమానమే. మీవైపు వచ్చినవాడు వెనకబడ్డాడు, అంతే. తప్పు వాడిది, వరసది కాదు."

మార్కీసు ఆలోచించాడు. "వరస సమానమే అంటారు."

"రాసిమ్మన్నా ఇస్తాను."

"తప్పు మనిషిది."

"మనిషిదే. ఏరా, నువ్వేనా వెనకబడింది?"

మెల్చోర్ తలెత్తలేదు. తొరిబియో పక్కనే ఉన్నాడు. ఇప్పుడు చెప్పాలి. 'వాడు సరిగానే నడిచాడు దొరా, నేను తొందరపడ్డాను' అనాలి. ఆరే మాటలు. మొదటి మాట పళ్ళ వెనక దాకా వచ్చింది. గుమాస్తా పుస్తకం తెరిచి ఉంది, గద్దఈక కలం సిరాలో ముంచి ఉంది. ఎవరి పేరు చెబితే ఆ పేరు.

 స్వామి తన మెడ పట్టీ మడతలు పెడుతున్నాడు. పెట్టిన మడత విప్పి మళ్ళీ పెడుతున్నాడు.

మెల్చోర్ ఒక్కసారి బావ వైపు చూశాడు. ఆ చూపులో కోపమేమీ లేదు. కొత్తగా కొన్న పశువు పళ్ళు చూసినట్టు చూశాడు.

"నేనే దొరా," అన్నాడు. "కాలు తెగింది. నేనే వెనకబడ్డాను."

"చూశారా!" అన్నాడు కొర్రెహిదోరు.

"దొరవారూ," అని గుమాస్తా మర్యాదగా గొంతు సవరించుకున్నాడు. "ఈ ఊళ్ళో గడపలు తొంభై ఒకటే. గుడికి ఒక్కడు చాలు."

"అవునా? ఎన్నాళ్ళ నుంచి?"

"మశూచి ఏటి నుంచి."

"అయితే రాయి."

కలం గీసుకుంటూ పోయింది. మెల్చోర్ పేరు పొడుగు, ఇంటిపేరుతో సహా రాసేసరికి చాలాసేపు పట్టింది. పెద్దలిద్దరూ గుమ్మం దాకా వెళ్ళారు. అక్కడ ఆగిపోయారు. "తమరు" అని ఆయన. "లేదు, తమరు" అని ఈయన. చివరికి ఇద్దరూ భుజాలు రాసుకుంటూ ఒకేసారి పక్కవాటుగా బయటపడ్డారు.

స్వామి అప్పుడు నోరు విప్పాడు. "ఆ రెండో పలక జాగ్రత్తగా వాళ్ళ గుడికి చేర్పించండిరా. అరువు సొమ్ము."

ఇంటిదారిన ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. వడగళ్ళు కరిగి దారంతా బురదైంది. తొరిబియో మెల్చోర్ అడుగుకి తన అడుగు కలుపుతూ నడిచాడు. కలుపుతున్నట్టు తెలిశాక సిగ్గేసి ఆపేశాడు.

"మెల్చోర్. నీ కాలు కాదు. నేనే..."

"తెలుసు."

"నేను చూడలేదు. చూస్తానని అన్నాను."

"బావా, వాడు మొదటే చెప్పాడుగా, ఒకడు చాలని. రెండు పలకలు తెచ్చి నేను తెలివైనవాణ్ణని అనుకున్నాను. ఇద్దరు మనుషులు కనపడేట్టు చేసింది నేనే." నవ్వబోయాడు. ఈసారి రాలేదు. "అక్కకి చెప్పకు. నా ఇంటిదానికి, రూఫీనాకి అసలే చెప్పకు. మీ రెండిళ్ళవాళ్ళూ ఒకే గోడకి అటూ ఇటూ బతకాలి. నేను ఉండను."

ఇంట్లో తొరిబియో పెళ్ళాం అసుంతా పొయ్యి పక్కన పెంచిన, కుందేలు పిల్లల్లాంటి కూయీలు రెంటిని కోసి కాల్చింది. రాజుగారి పండగని తమ్ముణ్ణీ, మరదల్నీ భోజనానికి పిలిచింది. మెల్చోర్ గుమ్మంలోనే చెప్పేశాడు, ఎక్కువ మాటలు లేకుండా. బుధవారం పొద్దున్న ప్రయాణం.

రూఫీనా చంటిదాన్ని వీపు మీద నుంచి దించుతూ ఆగిపోయింది. "ఎన్నాళ్ళంటా?"

"రెండు నెలలు."

"క్రిసాంతోకి కూడా రెండు నెలలే అన్నారు."



అసుంతా తమ్ముడి ముందు కూర్చుని కట్టు విప్పింది. పుండు చూసింది. కట్టు చూసింది. అది పీఠం గుడ్డని గుర్తుపట్టింది. తలెత్తి మొగుణ్ణి అడిగింది.

"ఈ కాలితో వాడు నడుస్తాడని నీకు తెలుసుగా. పక్కనే ఉన్నావు. నువ్వు చూసుకోలేదా?"

తొరిబియో నోరు తెరిచాడు.

"ఆకలేస్తోంది అక్కా," అన్నాడు మెల్చోర్. "పొద్దుటి నుంచీ ఏమీ లేదు."

అసుంతా ఇంకాసేపు మొగుడి ముఖంలోకి చూసింది. తరవాత లేచింది. నేల మీద గుడ్డ పరిచి ఉడికిన దుంపలు పొగలతో కుప్పగా పోసింది. కూయీ మాంసం చీల్చి మధ్యలో పెట్టింది. ఉప్పురాయి పెట్టింది. అందరూ గుడ్డ చుట్టూ కూర్చున్నారు. రూఫీనా చంటిదానికి పాలిస్తూ ఒక చేత్తోనే దుంప ఒలుచుకుంది. పిల్లలు పెద్దవాళ్ళ ముఖాలు చూసి కిక్కురుమనకుండా తిన్నారు.   తొరిబియో నమలకుండానే మింగాడు, ఇంకోటి తీసుకున్నాడు. కుప్ప అయిపోయేదాకా అందరూ అలాగే తిన్నారు.